ముసురు, మూట, ముక్కవాసన

ఆషాఢంలో ముసురు పట్టి నాలుగు రోజులు దాటిందంటే కోనసీమలో ఏ ఇంటికెళ్లినా ఒకటే వరస. వసారాలో దండెం నిండా బట్టలు, కుర్చీల వీపుల మీద బట్టలు, ఫ్యాను కింద మంచం మీద పరిచిన బట్టలు. చేత్తో పట్టుకుంటే ఆరినట్టే అనిపిస్తాయి. స్నానం చేసి తువ్వాలు మొహానికి అద్దుకున్నాక తెలుస్తుంది అసలు సంగతి. ముక్కిన బియ్యం బస్తా మూతి విప్పినట్టు గుప్పున కొడుతుంది. "నిన్ననే ఉతికానండీ అత్తయ్యగారూ" అంటుంది కోడలు. "అయితే ఆ సబ్బు మార్పించమ్మా" అంటారు ఆవిడ. సబ్బు మారుతుంది. వాసన మాత్రం ఎక్కడికీ పోదు.

ఈ బెడద కోనసీమకు కొత్తేమీ కాదు. తూర్పున గౌతమి, పడమట వసిష్ఠ, నడుమ వైనతేయ, దక్షిణాన సముద్రం. వీటి మధ్య అమలాపురం, రాజోలు, కొత్తపేట సీమలు. ఏటా సుమారు 1,100 నుంచి 1,200 మిల్లీమీటర్ల వాన. నైరుతి వెళ్లీ వెళ్లకముందే ఈశాన్యం దిగుతుంది. మిగతా రోజుల్లో సముద్రపు గాలి, కొబ్బరి తోట నీడ, పెరటి వెనక బోదె. నూలు పోగు నీళ్లను తన లోపలికే తీసుకుంటుంది, ఆరేటప్పుడు ఆ తడిని గాలికి ఇవ్వాలి. గాలే తడిసి ముద్దయి ఉంటే పుచ్చుకునేవాడెవడు? ఇలాంటి చోట తరతరాలుగా జనం తెల్లటి పంచెలు కట్టారు, మడి కట్టుకున్నారు, పసిబిడ్డలకు పొత్తిగుడ్డలు వేశారు. చెమ్మతో ఎలా నెగ్గుకొచ్చారన్నది మన చరిత్ర పుస్తకాల్లో పెద్దగా కనిపించదు. దాన్ని చాకిరేవు గట్టున వెతుక్కోవాలి.

వెనకటివాళ్లు మహా తెలివైనవాళ్లు, మనం మొద్దులం అని పాడే పాట నాకు చేతకాదు. వెనకటి పద్ధతి గొప్పదే. అయితే ఆ చాకిరీ ఎవరి నెత్తిన పడిందో కూడా చెప్పుకోవాలి.

ముందు దోషి సంగతి

ముక్కవాసనంటే బూజే అనుకుంటాం. బూజుకీ వాటా ఉంది గానీ, తువ్వాలులో అసలు దొంగ వేరే. జపానులో కావో అనే సబ్బుల కంపెనీ శాస్త్రజ్ఞులు ఇళ్లలో వాడే బట్టలను పరీక్షించి 2012లో ఫలితాలు ప్రచురించారు. ఉతికిన బట్టల్లో మళ్లీ పుట్టే ఆ వాసన 4-మిథైల్-3-హెక్సెనోయిక్ ఆమ్లానిది. దాన్ని పుట్టించేది మొరాక్సెల్లా ఆస్లోయెన్సిస్ అనే సూక్ష్మజీవి. మన ఒంటి నుంచి బట్టకంటిన జిడ్డే దానికి తిండి. బట్ట ఆరిపోతే చావదు, ముడుచుకుని కూర్చుంటుంది. అతినీలలోహిత కిరణాలను కూడా బాగానే తట్టుకుంటుందని ఆ పరిశోధనలో తేలింది. మళ్లీ తడి తగలగానే లేస్తుంది. బీరువాలోంచి తీసినప్పుడు బాగానే ఉన్న తువ్వాలు ఒళ్లు తుడుచుకోగానే కంపు కొట్టడానికి కారణం ఇదే.

దానికి పడనిది వేడి. 60 డిగ్రీలు దాటిన నీళ్లలో అరగంట ఉంచితే ఆట కట్టు. ఈ సంగతి తెలియకపోయినా, ఆ పని మాత్రం మన చాకిరేవులో వందల ఏళ్లు జరిగింది.

నీళ్లున్నప్పుడు ఎండ లేదు

ఉతుకుడికి రెండు కావాలి: నీళ్లు, ఎండ. కోనసీమలో ఈ రెండూ ఒకేసారి దొరకడం తక్కువ. దానికి కొంత కారణం కాటన్ దొరగారి ఆనకట్టే.

1847 నుంచి 1852 దాకా ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టాక, బొబ్బర్లంక నుంచి మధ్య డెల్టా కాలువ కిందికి దిగింది. లొల్ల లాకుల దగ్గర చీలి అమలాపురం వైపు, గన్నవరం వైపు పారింది. వైనతేయ అవతల ఉన్న నగరం లంకకు, అంటే రాజోలు సీమకు, నీళ్లు దాటించడానికి గన్నవరం దగ్గర పాయ మీదుగా 49 ఖానాల అక్విడక్టు కట్టారు. దాని పక్కనే 2000లో కట్టిన కొత్తదానికి లంకల గన్నవరం అన్నపూర్ణ డొక్కా సీతమ్మగారి పేరు పెట్టుకున్నాం. అంతకుముందు చెరువు, నుయ్యి, గోదావరి పాయ తప్ప వేరే దిక్కులేని ఊళ్లకు పెరటి దాకా తియ్యటి పారే నీరు వచ్చింది. ప్రతి ఊళ్లోనూ కాలవ గట్టున ఒక రేవు వెలిసింది.

కానీ కాలవకు ఒక సెలవుంది. ఏటా ఎండాకాలంలో మరమ్మతులకని కాలవ కట్టేస్తారు, మళ్లీ జూన్‌లో వదులుతారు. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండ కాస్తుంటే కాలవలో చుక్క నీరుండదు. కాలవ నిండుగా పారే వేళకు మబ్బు పడుతుంది. ఆపైన జూలై, ఆగస్టుల్లో గోదావరికి ఎర్రనీరు వస్తుంది. ఆ నీళ్లలో తెల్లపంచె ముంచితే కావిరంగు. బిందెలో నీళ్లయితే చిల్లగింజ అరగదీసో, పటిక తిప్పో తేర్చుకోవచ్చు. మూటెడు బట్టలకు ఎన్ని బిందెలు తేరుస్తారు? అందుకే వరద రోజుల్లో రేవు కాలవ గట్టు వదిలి చెరువు గట్టుకు మారాల్సి వచ్చేది.

సముద్రానికి దగ్గరగా పోయేకొద్దీ మరో తంటా. అంతర్వేది, ఓడలరేవు వైపు చాలా నూతుల్లో నీళ్లు ఉప్పన. ఉప్పునీళ్లలో మామూలు సబ్బు నురగ రాదు, తెట్టు కడుతుంది. అంతటితో పోదు. ఆ నీళ్లలోని లవణాలు పోగుల్లో ఉండిపోయి గాల్లోని తేమను మళ్లీ లాగుతాయి. మధ్యాహ్నం ఆరిన దుప్పటి రాత్రి కప్పుకునే సరికి చల్లగా, జిగటగా తగలడానికి ఇదే కారణం. ఇక్కడ కొబ్బరికాయ ఆదుకుంటుంది. కొబ్బరి నూనెతో చేసిన సబ్బుకు ఉప్పునీళ్లలో కూడా నురగొస్తుంది. అందుకే ఓడల్లో పనిచేసేవాళ్ల కోసం సముద్రపు నీళ్లకు తట్టుకునే సబ్బును కొబ్బరి నూనెతోనే చేసేవారు. టాటా ఆయిల్ మిల్స్ వారు 1917లో తమ కంపెనీని కొబ్బరి కోసమే కేరళ తీరాన కొచ్చి దగ్గర పెట్టుకున్నారు. అంబాజీపేటలో అంత పెద్ద కొబ్బరి మార్కెట్టు పెట్టుకున్న మనం మాత్రం కాయనూ కురిడీనీ లారీలకెత్తి, సబ్బును బయటి నుంచి కొనుక్కుంటున్నాం.

ఉబ్బ

ఇప్పుడు రేవులోకి దిగుదాం. రజకుల పనిలో బండ మీద బాదడం అందరికీ కనిపిస్తుంది, అందరికీ వినిపిస్తుంది. అసలు పని అంతకుముందు రాత్రే అయిపోతుంది. దాన్ని ఉబ్బ వెయ్యడం అంటారు.

గట్టున గొయ్యి తీసి పొయ్యి. పొయ్యి మీద బాన, దాన్లో సగానికి నీళ్లు. మైలబట్టలను ముందు ఒకసారి జాడించి, చౌడు కలిపిన నీళ్లలో ముంచి పిండి, బాన మూతి మీద చుట్టూ వరసలుగా పేర్చాలి. ముతకవి, బాగా మాసినవి కింద. పల్చని పంచెలు, చీరలు పైన. ఈ పేర్చడంలోనే ఉంది పనితనమంతా. నడుమ ఆవిరి ఎక్కే దారి వదలాలి. పేర్పు వదులైతే ఆవిరి పక్కలకు జారిపోతుంది, బిగువైతే పై వరసకు అందదు. కుప్ప మనిషి నడుమెత్తు లేచాక పైన పాత దుప్పటి కప్పి మంట పెడతారు. కోనసీమలో వంటచెరకుకు కొదవేముంది? కొబ్బరి డొక్కలు, ఎండు మట్టలు, తాటి కమ్మలు. రాత్రంతా నిదానంగా మండాలి. నీళ్లు ఇంకితే బాన పగులుతుంది, మంట ఎగస్తే అడుగు వరస మాడుతుంది. కాబట్టి ఇంట్లో ఒకరికి నిద్ర లేనట్టే. తెల్లారి కుప్ప విప్పితే ఆవిరి మబ్బులా లేస్తుంది. అప్పుడు బండ, అప్పుడు కాలవ, అప్పుడు గట్టున పచ్చిక.

చౌడు నేల మీద ఎండాకాలంలో తెల్లగా పొర కడుతుందే, అదే వారి సబ్బు. అందులో ఉండేది ముఖ్యంగా సోడియం కార్బొనేటు, బైకార్బొనేటు. ఆ క్షారం వేడిలో బట్టకంటిన జిడ్డును పట్టి దాన్నే సబ్బుగా మార్చేస్తుంది. అంటే కొనకుండానే సబ్బు, అదీ మన ఒంటి మురికి నుంచే. జిడ్డు పోయింది కాబట్టి సూక్ష్మజీవికి తిండి లేదు. రాత్రంతా ఆవిరి పట్టింది కాబట్టి సూక్ష్మజీవే లేదు. ఫ్రాన్సులో పాశ్చర్ దగ్గర పనిచేసిన షాంబర్లాన్ ఆస్పత్రుల కోసం ఆవిరి యంత్రం తయారుచేసింది 1879లో. ఒత్తిడి తేడా తీసేస్తే సూత్రం ఇదే.

ఒకే బానలో పదిళ్ల బట్టలు ఉడుకుతాయి. ఎవరివి ఎవరివో తెలియడానికి నల్లజీడి గింజ రసంతో మూలన ఒక గుర్తు పెట్టి సున్నం అద్దేవారు. ఒక చుక్క, రెండు గీతలు, ఒక సున్న. ఎన్ని ఉబ్బలు తిన్నా చెరగని గుర్తు. చదువు రానివ్వని కాలంలో ఆ కుటుంబాలు తమకై తయారుచేసుకున్న లిపి అది. రెండో ప్రపంచ యుద్ధానికి మన దేశం వచ్చిన అమెరికా సైనికుల్లో కొందరికి ఈ గుర్తు తగిలిన చోట దద్దుర్లు లేచాయి. 1943లో అక్కడి వైద్య పత్రికలో దాని మీద వ్యాసమే వచ్చింది, ధోబీ గుర్తు చర్మవ్యాధి అన్న పేరుతో.

పురిటి బట్టలు, రోగిష్టి బట్టలు, చావింటి బట్టలు అన్నీ ఆ బానలోకే వెళ్లేవి. ఊరిని అంటురోగాల నుంచి ఆ ఆవిరి ఎంత కాపాడిందో లెక్క కట్టినవారు లేరు. దానికి ప్రతిఫలంగా కోతలయ్యాక కళ్లంలో ఇన్ని కుంచాల ధాన్యం, పొద్దువాలాక ఇంటింటా ముద్ద అన్నం. అరవై ఏళ్లు దాటిన రజకుణ్ని బట్టలు వేసే ఇంటి పదేళ్ల కుర్రాడు "ఏరా, నా చొక్కా ఏదిరా?" అని అడిగేవాడు. ఆయన "తెత్తానండి బాబుగారూ" అనేవాడు. చౌడు నీళ్లలో నాని పగిలిన అరచేతులు ఆయనవి, తెల్లపంచె మర్యాద బాబుగారిది. ఆ పని వదిలి వాళ్ల పిల్లలు చదువులకు, ఉద్యోగాలకు వెళ్లిపోయారంటే అయ్యో అనవలసిన పని లేదు. సంతోషించాలి.

కంపెనీ వారి తెల్ల తానులు

ఈ పనితనానికి ఒకప్పుడు సముద్రాల అవతల కూడా గిరాకీ ఉండేది. వసిష్ఠకు అవతలి ఒడ్డున, నరసాపురం పక్కన మాధవాయపాలెంలో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ 17వ శతాబ్దిలోనే వర్తకశాల పెట్టింది. ఆ ఊరి పేరే వాళ్ల నోట మాడపొల్లం అయి, ఒక రకం నూలుగుడ్డకు పేరుగా స్థిరపడింది. ఫ్రెంచివాళ్లు ఇప్పటికీ ఆ గుడ్డను మదపొలాం అనే అంటారు. గౌతమి వైపు యానాం దగ్గర ఇంజరంలో 1708లో మరో వర్తకశాల వెలిసింది. కోనసీమ లోపలే అమలాపురానికి దిగువన బెండమూర్లంకలో ఇంకొకటి. 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ వచ్చి ఈ మూడింటినీ పట్టుకున్నాడు. ఈ వర్తకశాలలు ఇక్కడ వెలియడానికి కారణం గుడ్డ.

మగ్గం మీద నుంచి దిగిన తాను తెల్లగా ఉండదు. గంజి పట్టి, మట్టి రంగులో, ముతకగా ఉంటుంది. గంజి బూజుకు పంచభక్ష్య పరమాన్నం. అలాంటి తానును అలాగే మూటకట్టి ఓడ అడుగున వేస్తే నెలల ప్రయాణం తర్వాత లండన్‌లో విప్పేసరికి ఏం మిగులుతుంది? అందుకే కంపెనీకి నేతగాళ్లు ఎంత అవసరమో రజకులూ అంతే అవసరం. మద్రాసులో తానులు తెల్లబరిచేవారిని ఒకచోట చేర్చి కంపెనీ పెంచిన పేటే నేటి వాషర్‌మన్‌పేట. 20 తానులు ఒక కోర్జీ. కోర్జీల లెక్కన వ్యాపారం.

అప్పటికి యూరపులో నూలుగుడ్డను తెల్లబరచడం నెలల పని. పచ్చిక మీద పరచడం, పుల్లటి మజ్జిగలో నానబెట్టడం, మళ్లీ పరచడం. 1785లో బెర్తోలే క్లోరిన్‌తో గుడ్డ తెల్లబడుతుందని చూపాడు, 1799లో టెనెంట్ బ్లీచింగ్ పౌడరు చేశాడు. ఇంగ్లండు మిల్లులు ఆ పొడితో, ఆవిరి మగ్గాలతో పరుగందుకున్నాక మాధవాయపాలెం తానుకూ, దాన్ని తెల్లబరిచిన రేవుకూ గిరాకీ పోయింది. నేత అంతా పోలేదు. అమలాపురం పక్కన బండారులంకలోనూ, రాజోలు సీమలో మోరిలోనూ మగ్గాలు ఇంకా ఆడుతున్నాయి. రేవు మాత్రం ఊరి మైలకు పరిమితమైంది.

ఇంటి లోపలి ఉపాయాలు

అన్నీ రేవుకు పోవు. మడిబట్ట ఇంట్లోనే ఆరాలి, ఎవరూ తాకకుండా ఆరాలి. వేద పండితుల అగ్రహారాలకు పేరుపడ్డ సీమలో ఇది చిన్న సమస్య కాదు. అందుకే దండెం పైకప్పుకు దగ్గరగా, చేతికందనంత ఎత్తున ఉండేది. కర్రతో ఎత్తి వేసి, కర్రతోనే తీసేవారు. ఆచారం సంగతి ఎలా ఉన్నా, వేడిగాలి పైకే పోతుంది కాబట్టి నేలకు దగ్గరగా కన్నా అక్కడే బట్ట త్వరగా ఆరుతుంది. మండువా లోగిలిలో నడుమ ఆకాశం తెరిచి ఉంటుంది, చుట్టూ చూరు దిగి ఉంటుంది. వాన నడిమిలో పడుతుంది, బట్ట చూరు కింద ఆరుతుంది, గాలి ఆడుతూనే ఉంటుంది. ఎంత చేసినా ముసురులో నూలుమడి ఆరకపోతే ధావళి ఉండనే ఉంది. ఉన్నిబట్టకు రోజూ తడిపే పని లేదు. శాస్త్రం ముసురుతో రాజీ పడిన చోటు అది.

బాలింత ఇంట్లో కుంపటిలో నిప్పులు వేసి, వెదురు గంప బోర్లించి, దాని మీద పొత్తిగుడ్డలు పరిచేవారు. నిప్పుల మీద చిటికెడు సాంబ్రాణి. వాసన సాంబ్రాణిది, పని నిప్పుది. ఇస్త్రీ పెట్టెలోనూ కొబ్బరి చిప్పల బొగ్గే. ఆరీ ఆరని చొక్కాను ఆ బరువైన పెట్టె కింద తోస్తే ఆవిరి చుయ్యిమని లేచేది. అక్కడా వేడే.

వాసనను చంపకుండా కప్పిపెట్టే మార్గమూ ఉంది. కాలవ గట్టున మొగలి పొదలకు లోటు లేదు. ఒక పొత్తు తెచ్చి ట్రంకు పెట్టెలో పట్టుచీరల మడతల మధ్య రేకులు పెడితే ఏడాదంతా ఘుమఘుమ. పట్టుకు ఉబ్బ పనికిరాదు కాబట్టి కుంకుడు రసం, నీడపట్టు ఆరబెట్టడం, మొగలిరేకు. దానికది సరిపోయింది. తర్వాత బజారులో కలరా ఉండలు వచ్చాయి. నాఫ్తలీన్ ఘాటు ముక్కవాసనను మింగేస్తుంది, పురుగును దూరం పెడుతుంది. బట్టలోని తడినీ, జిడ్డునూ మాత్రం ముట్టుకోదు. ఒక హెచ్చరిక కూడా చెప్పాలి: జీ6పీడీ అనే ఎంజైము లోపంతో పుట్టిన పసిపిల్లలకు ఆ ఉండల మధ్య దాచిన బట్టలు తొడిగితే రక్తకణాలు పగిలి ప్రాణం మీదికి రావచ్చు. పురిటింటి బట్టల పెట్టెలోకి అవి వెళ్లకూడదు.

టర్కీ టవలు వచ్చి కూర్చుంది

ఇరవయ్యో శతాబ్దంలో రేవు చల్లారిపోయింది. సన్‌లైట్ సబ్బు 1888లోనే కలకత్తా రేవులో దిగింది. 1959లో సర్ఫ్ పొడి, 1969లో గుజరాత్ నుంచి కర్సన్‌భాయ్ పటేల్ నిర్మా వచ్చాయి. చవకైన పొడి ఇంటింటికీ చేరాక ఉతుకుడు పెరటి గోలెం దగ్గరికొచ్చింది, అక్కడి నుంచి మిషన్లోకి వెళ్లింది. కాలవలు మురుగుతోనూ, పెరుగుతున్న చేపల, రొయ్యల చెరువుల నీళ్లతోనూ పాడై రేవుల్లో దిగడానికే వెనకాడే స్థితి వచ్చింది. రజకుల చేతిలో మిగిలింది సందు చివర ఇస్త్రీ బండి. 2020లో రాష్ట్ర ప్రభుత్వం చేదోడు పథకం కింద ఏడాదికి 10,000 రూపాయలు ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు కూడా దుకాణం ఉన్న రజకులకే ఇచ్చింది. రేవు అప్పటికే లెక్కలోంచి పోయింది.

పొడి వచ్చింది సరే, వేడి పోయింది. మన ఇళ్లలో మిషన్లు ఎక్కువగా చన్నీళ్లతోనే తిరుగుతాయి. చన్నీళ్లలో పొడి మురికిని తీస్తుంది గానీ మొరాక్సెల్లాను కదల్చలేదు.

దీనికి తోడు తువ్వాలే మారిపోయింది. గోదావరి జిల్లాల్లో మగవాడి భుజాన ఉండేది పల్చటి తుండుగుడ్డ. ఒళ్లు తుడుచుకుని, పిండి, దులిపి భుజానేసుకుంటే చేను గట్టు దాటేలోపు ఆరిపోయేది. తలపాగా అదే, చాప అదే, పళ్లు మూటకట్టుకునే సంచీ అదే. ఇప్పుడు స్నానాల గదిలో వేలాడేది కుచ్చుల టర్కీ టవలు. హెన్రీ క్రిస్టీ అనే ఇంగ్లీషువాడు టర్కీలో ఈ కుచ్చుల నేత చూసి వెళ్లి, దాన్ని మిల్లు మగ్గం మీద నేయించాడు. 1851లో లండన్ మహా ప్రదర్శనలో విక్టోరియా రాణి మెచ్చింది. మన ఆనకట్ట పని ఇంకా సాగుతున్న రోజులవి. ఒక్కో కుచ్చూ నీటిని పట్టి దాస్తుంది. ఒంటికి హాయే. కానీ గాల్లో తేమ 80 శాతం దాటిన ఆశ్లేష కార్తెలో, కిటికీలు మూసిన అపార్టుమెంటులో, తలుపు వెనక కొక్కేనికి తగిలించిన ఆ టవలు ఎప్పటికి ఆరాలి? ఇంగ్లండులో నచ్చిన వస్తువు కోనసీమ చెమ్మకు నప్పదు. నా మాట కటువుగా ఉండొచ్చు, ఈ వానాకాలం పరీక్షించి చూడండి.

దాని మీద మెత్తదనం కోసమని పోసే సువాసన ద్రవం పోగుల మీద జిడ్డుపొరలా పేరుకుని, టవలు నీటిని పీల్చే గుణాన్ని తగ్గిస్తుంది. వాసన పోయినట్టు అనిపించి రెండో రోజుకు మల్లెపూల కంపు, ముక్కవాసన కలిసి వస్తాయి. మొగలిరేకు చేసిన పనే అది, సీసాలో పోసి అమ్ముతున్నారు.

ఎండను మాత్రం తక్కువ చేయకూడదు. 2020లో కోపెన్‌హేగన్ విశ్వవిద్యాలయ రసాయన శాస్త్రజ్ఞులు తడి నూలు తువ్వాళ్లను చీకటి గదిలో, నీడపట్టు బాల్కనీలో, ఎండ బాల్కనీలో ఆరేసి పోల్చారు. ఎండలో ఆరినవాటిలో మాత్రమే కొన్ని ఆల్డిహైడ్లు, కీటోన్లు పుట్టాయి. ఎండబట్ట వాసన అని మనం ముక్కుకానించి పీల్చుకునేది వాటినే. అంటే ఆ వాసన మన ఊహ కాదు.

వరదలొచ్చిన ఏడు ఈ లెక్కలన్నీ తలకిందులవుతాయి. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరద, 1996 నవంబరు 6 రాత్రి వెయ్యి మందికి పైగా పొట్టనపెట్టుకున్న తుపాను, 2022 జూలైలో లంకలను రోజుల తరబడి ముంచిన గోదావరి. ప్రాణాలు దక్కించుకుని గట్టెక్కినవారికి మిగిలేది బురదనీళ్లలో నానిన బట్టల మూట. అలాంటి బట్టలను ఎండలో వేసేస్తే చాలదు. అందులో ఉన్నది చెమట జిడ్డు ఒక్కటే కాదు, మురుగు. ఉడకబెట్టాల్సిందే. సహాయ శిబిరాలకు పాత బట్టలు పంపే దాతలు నాలుగు పెద్ద గుండిగలు, పది కిలోల చాకలి సోడా కూడా పంపితే జనానికి తమ బట్టలు తమకే దక్కుతాయి.

ఇప్పుడెవరూ ఉబ్బ వేయనక్కర్లేదు. కిరాణా కొట్లో చాకలి సోడా దొరుకుతుంది. అది శుద్ధి చేసిన చౌడే. వంటసోడాతో సరిపెట్టకండి, దానికి అంత క్షారం లేదు. నెలకొకసారి తువ్వాళ్లను చేయి పెట్టలేనంత వేడినీళ్లలో, బకెట్టుకు రెండు చెంచాల చాకలి సోడా కలిపి, అరగంట ముంచి ఉంచండి. కర్రతో తిప్పండి, చేత్తో వద్దు. ఆ తర్వాత మామూలుగా ఉతికి రెండుసార్లు జాడించండి. పొడి మోతాదు మించనివ్వకండి, ఎక్కువైన పొడి పోగుల్లోనే మిగిలిపోతుంది. వెనిగర్ వాడదలిస్తే ఆఖరి జాడింపులో వాడండి, బ్లీచింగ్ ద్రవంతో మాత్రం ఎప్పుడూ కలపకండి, విషవాయువు పుడుతుంది. మిషన్ మూత తెరిచి ఉంచండి, రబ్బరు అంచు తుడవండి. ముసురు రోజుల్లో గంజి మానండి. ఎండ రాకపోతే ఇస్త్రీ పెట్టెతో ఆఖరి తడి ఆర్పండి, ఆ పని సందు చివర బండి దగ్గర చేయిస్తే ఇంకా మంచిది. బేరమాడకుండా అడిగినంత ఇవ్వండి.

టర్కీ టవలును సంక్రాంతి దాకా అటకెక్కించి, ఈలోపు ఒక చేనేత తుండుగుడ్డ వాడి చూడండి. మధ్యాహ్నానికల్లా ఆరిపోతుంది.